బరువుకు గీత, నడకకు టిక్కు: స్థూల చలన నైపుణ్యాల మదింపుపై విమర్శనాత్మక పరిశీలన

1. పరిచయం

శిశువు మెడ నిలపడం మొదలుకొని పరుగెత్తడం, గెంతడం వరకు స్థూల చలన వికాసం ఏ క్రమంలో సాగుతుందో గత భాగంలో చదివారు. మెడ, నడుము, భుజాలు, కాళ్ళలోని పెద్ద కండరాలతో చేసే పనులనే స్థూల చలన నైపుణ్యాలు అంటామని మీకు తెలుసు. ఆ వికాసాన్ని మనం కొలుస్తున్న తీరు ఎంతవరకు సరైనదో ఈ భాగంలో పరిశీలిద్దాం. మీలో చాలామంది అంగన్‌వాడీ కార్యకర్తలుగానో, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులుగానో పనిచేస్తూ చదువుతున్నారు. అందుకే ఉదాహరణలన్నీ విజయవాడ, కృష్ణా డెల్టా పరిసరాల నుంచే తీసుకున్నాం.

ముందుగా మీ కేంద్రంలో ఉన్న ఒక మాతా శిశు సంరక్షణ కార్డును తెరిచి చూడండి. అందులో బరువు కోసం ఒక పటం ఉంటుంది. ప్రతి నెలా బిడ్డను తూచి, ఆ పటంలో చుక్క పెట్టి, పాత చుక్కతో కలుపుతారు. గీత ఆకుపచ్చ పట్టీలోనే ఉన్నా, రెండు మూడు నెలలు పైకి వెళ్ళకుండా అడ్డంగా సాగితే మీరు ఊరుకోరు. తల్లితో మాట్లాడతారు, జబ్బు చేసిందా అని అడుగుతారు. అంటే మీరు బరువును చదవడం లేదు, బరువులో వచ్చే మార్పును చదువుతున్నారు.

ఇప్పుడు అదే కార్డులో వికాస మైలురాళ్ళ పేజీ చూడండి. ఫలానా వయసుకు కూర్చుంటుంది, ఫలానా వయసుకు నడుస్తుంది అని బొమ్మలుంటాయి. బిడ్డ ఆ పని చేస్తే అవును, చేయకపోతే కాదు. ఇక్కడ గీత లేదు. బరువు విషయంలో కాలాన్ని లెక్కలోకి తీసుకున్న మనం, నడక విషయంలో ఆ రోజు కనిపించినదానితో ఎందుకు సరిపెట్టుకుంటున్నాం? ఈ భాగం మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే సాగుతుంది.

2. వయసు జాబితాలు: వాటి బలం, వాటి హద్దు

ఏ వయసుకు ఏ పని అనే జాబితాలకు దాదాపు వందేళ్ళ చరిత్ర ఉంది. అమెరికాలో ఆర్నాల్డ్ గెసెల్ పిల్లలను వయసుల వారీగా గమనించి వికాస పట్టికలు తయారుచేశాడు. 1967లో డెన్వర్ స్క్రీనింగ్ పరీక్ష వచ్చింది. మన దేశంలో బేలీ మాపనిని బరోడాలో ప్రమీలా ఫాటక్ బృందం భారతీయ శిశువులకు అనువుగా మార్చింది. 1991లో తిరువనంతపురం నుంచి రెండేళ్ళలోపు పిల్లల కోసం 17 అంశాల చార్టు వచ్చింది. మనకు మరీ దగ్గరి ఉదాహరణ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1994లో ప్రచురించిన స్క్రీనింగ్ పరీక్షల సముదాయం. గ్రామాలు, పట్టణాలు, మురికివాడలకు చెందిన ఆరేళ్ళలోపు పిల్లలను 13 వేలమందికి పైగా పరీక్షించి దాన్ని రూపొందించారు. అందులోని ఐదు వికాస రంగాలలో స్థూల చలనం ఒకటి.

ఈ కృషిని తక్కువ చేయడం మన ఉద్దేశం కాదు. వేలమంది పిల్లలను చూసిన తరువాతే "ఈ వయసుకు ఇది మామూలే" అని చెప్పగలం. ఆ ఆధారం లేకపోతే పక్కింటి పిల్లతోనో, అక్క కొడుకుతోనో పోల్చడమే మిగులుతుంది. అయితే ఇలాంటి ప్రమాణాలను సాధారణంగా అడ్డుకోత పద్ధతిలో కడతారు. అంటే 6 నెలల పిల్లలు ఒక గుంపు, 12 నెలల పిల్లలు ఇంకొక గుంపు. గుంపుకూ గుంపుకూ ఉన్న తేడాను బట్టి వికాసాన్ని ఊహిస్తారు. ఒకే బిడ్డ 6 నెలల నుంచి 12 నెలల వరకు ఏ దారిన వచ్చిందో అందులో కనిపించదు. దాన్ని చూడాలంటే అదే బిడ్డను మళ్ళీ మళ్ళీ చూసే అనుదైర్ఘ్య పద్ధతి కావాలి.

అలా చూసిన అధ్యయనాలలో ముఖ్యమైనది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించినది. భారత్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికాలలో 816 మంది ఆరోగ్యవంతులైన పిల్లలను మొదటి ఏడాది నెలనెలా, ఆ తరువాత రెండు నెలలకొకసారి చూసి, ఆరు నైపుణ్యాలు ఎప్పుడు వచ్చాయో నమోదు చేశారు. సాయం లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య వచ్చింది. చేతులు, మోకాళ్ళ మీద దోగాడటం 5.2 నుంచి 13.5 నెలల మధ్య, ఒంటరిగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య వచ్చాయి. సుమారు 4.3 శాతం పిల్లలు అసలు దోగాడకుండానే నడకకు వెళ్ళారు.

ఈ అంకెల్లో రెండు సంగతులు గమనించండి. మొదటిది, మామూలు అనేది ఒక తేదీ కాదు, నెలల వెడల్పున్న కిటికీ. ఆరోగ్యంగా ఉన్న ఇద్దరు పిల్లల నడకకు మధ్య తొమ్మిది నెలల తేడా ఉండవచ్చు. రెండోది, మైలురాళ్ళన్నీ అందరూ దాటేవి కావు. అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో తన జాబితాను సవరించినప్పుడు దోగాడటాన్ని తీసివేసింది. దానిపై నిపుణుల్లో వాదోపవాదాలు జరిగాయి. జాబితాలోని ఒక్కొక్క అంశం వెనుక ఎవరో చేసిన నిర్ణయం ఉంటుందని దీన్నిబట్టి అర్థమవుతుంది.

3. రెండు సందర్శనల మధ్య జారిపోయే నెలలు

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ కేంద్రాలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఏడాదికి ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షించాలి. వికాసంలో జాప్యాన్ని గుర్తించడం ఈ కార్యక్రమం లక్ష్యాలలో ఒకటి. గుర్తించిన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. ఏర్పాటు మంచిదే. ఆరు నెలల విరామం ఏం చేస్తుందో ఇప్పుడు లెక్క వేసి చూద్దాం.

ఒక బిడ్డకు 11వ నెలలో బృందం వచ్చిందనుకోండి. నడవడం లేదు. 11 నెలలకు నడవకపోవడం మామూలే కనుక ఏమీ రాయరు. మళ్ళీ 17వ నెలలో వచ్చారు. ఇంకా నడవడం లేదు. కిటికీ 17.6 నెలల దాకా ఉంది కనుక అప్పుడూ బిడ్డ హద్దు లోపలే. తరువాతి సందర్శన 23వ నెలలో. ఆ రోజు తల్లి బిడ్డను తీసుకుని పుట్టింటికి వెళ్ళి ఉంటే 29వ నెల. ఎక్కడా ఎవరూ తప్పు చేయలేదు. ప్రతి సందర్శనలోనూ జాబితాను సరిగ్గానే వాడారు. అయినా రెండేళ్ళు దాటాక గానీ ఆ బిడ్డను ఎవరూ పైకి పంపలేదు. కండరాలకు, కీళ్ళకు శిక్షణ ఎంత ముందుగా మొదలైతే అంత మేలు జరిగే కాలం ఈలోగా గడిచిపోయింది.

డెల్టాలో ఇలాంటి ఖాళీలు సులువుగా ఏర్పడతాయి. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళిన తల్లి బిడ్డతో మూడో నెలలోనో, ఐదో నెలలోనో అత్తవారింటికి వస్తుంది. మెడ నిలిపిన నెల ఒక ఊరి రిజిస్టరులో, బోర్లాపడిన నెల ఇంకొక ఊరి రిజిస్టరులో ఉంటాయి. నాట్ల రోజుల్లో తల్లి తెల్లవారకముందే పొలానికి వెళితే, బిడ్డ గురించి అడిగినప్పుడు జవాబు చెప్పేది నాయనమ్మ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్ లాంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అలాంటి వరదలో ఇంట్లోని కార్డు తడిసిపోతే, ఆ బిడ్డ గతం కూడా దానితో పోయినట్లే.

విరామం ఎంత ఉండాలన్నది పరిశోధకులు కూడా పట్టించుకున్న ప్రశ్నే. న్యూయార్క్‌లో క్యారెన్ అడాల్ఫ్, ఆమె సహచరులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో 11 మంది శిశువుల 32 చలన నైపుణ్యాలను తల్లిదండ్రుల చేత రోజూ నమోదు చేయించారు. చాలా నైపుణ్యాలు ఒక్క రోజున వచ్చి స్థిరపడలేదు. ఒకరోజు కనిపించి, మరునాడు కనిపించక, మళ్ళీ వచ్చి, కొన్నాళ్ళకు నిలిచాయి. అదే సమాచారాన్ని నెలకొకసారి మాత్రమే చూసినట్లు లెక్కగడితే, ఈ ఊగిసలాట మాయమై వికాసం మెట్టు తరువాత మెట్టుగా కనిపించింది. నైపుణ్యం మొదలైన వయసు కూడా తప్పుగా వచ్చింది. పాఠ్యపుస్తకాలలో మనం చదివే నునుపైన దశలు కొంతవరకు మనం చూసిన విరామాల వల్ల ఏర్పడినవే కావచ్చునని ఈ పరిశోధన హెచ్చరిస్తోంది.

4. ఒకే జవాబు, రెండు కథలు

ఇద్దరు ఆరేళ్ళ అబ్బాయిలను ఊహించుకోండి. ఇద్దరినీ నేలమీద బాసింపట్టు వేసి కూర్చోబెట్టి లేవమన్నారు. ఇద్దరూ తొడలమీద చేతులు ఆన్చి, కాస్త కష్టపడి లేచారు. "ఎవరి సాయం లేకుండా లేస్తాడు" అనే అంశానికి ఎదురుగా ఇద్దరికీ టిక్కు పడింది.

మొదటి అబ్బాయికి నిరుడు కాలు విరిగి చాలాకాలం కట్టుతో ఉన్నాడు. ఆరు నెలల కిందట ఎవరైనా చెయ్యి అందిస్తే తప్ప లేవలేకపోయేవాడు. ఇప్పుడు తనంతట తాను లేస్తున్నాడు. రెండో అబ్బాయి నిరుడు చేతులు ఆన్చకుండానే చటుక్కున లేచేవాడు. ఇప్పుడు ముందుగా మోకాళ్ళ మీదికి తిరిగి, తన ఒంటిని తానే ఎక్కుతున్నట్లు తొడలను నెట్టుకుంటూ లేస్తున్నాడు. దీనిని వైద్యులు గోవర్స్ సూచిక అంటారు. డుషేన్ కండరాల క్షీణత లాంటి వ్యాధులలో ఇది కనిపిస్తుంది. అది ఆ వ్యాధేనని మీరు తేల్చకూడదు. కానీ వైద్యుని దగ్గరకు వెంటనే పంపించాలి.

ఆ రోజు మదింపులో ఇద్దరూ సమానం. కాలాన్ని కలిపితే ఒకరు కోలుకుంటున్నారు, ఒకరు కోల్పోతున్నారు. వచ్చిన నైపుణ్యం పోవడం ఏ వయసులోనైనా అతి ముఖ్యమైన ప్రమాద సూచన. నిన్నటి రికార్డు లేనిచోట ఈ సూచన కనిపించే అవకాశమే లేదు. టిక్కుల పద్ధతి మీద మన ప్రధానమైన ఆక్షేపణ ఇదే.

ఇంకొక లోపం కూడా ఉంది. టిక్కు పని జరిగిందా లేదా అని చెబుతుంది గానీ ఎలా జరిగిందో చెప్పదు. దోగాడేటప్పుడు ఒక కాలిని ఈడ్చడం, ఏడాది నిండకముందే ఎప్పుడూ ఒకే చేతిని వాడటం, ఎప్పుడూ మునివేళ్ళమీదే నడవడం లాంటివి మస్తిష్క పక్షవాతానికి సంకేతాలు కావచ్చు. అలాంటి బిడ్డ కూడా దోగాడుతుంది, నడుస్తుంది, టిక్కు సంపాదిస్తుంది.

5. పరీక్షాంశాలు ఏ ఊరివి?

మూడేళ్ళ వయసుకు చాలా జాబితాలలో కనిపించే అంశం, మెట్లు ఎక్కడం. విజయవాడలో కొండవాలు ఇళ్ళ పిల్లలకు ఇది పరీక్షే కాదు. నీళ్ళ బిందెతో వెళ్ళే తల్లి వెనకే రోజూ పదుల మెట్లు ఎక్కి దిగుతారు. పటమట వైపు అపార్ట్‌మెంటులో లిఫ్టు ఉంటుంది. దివిసీమ ఊళ్ళో పెంకుటిల్లయితే అరుగుకు ఉన్న రెండు మెట్లే. ముగ్గురు పిల్లల కాళ్ళలో బలం ఒకటే అయినా, ఆ అంశంలో ఫలితం వేర్వేరుగా రావచ్చు. అప్పుడు మనం కొలిచింది బిడ్డ నైపుణ్యాన్నా, ఇంటి నిర్మాణాన్నా?

మూడేళ్ళ నుంచి పదకొండేళ్ళలోపు పిల్లలకు ప్రపంచమంతటా వాడే పరీక్ష డేల్ ఉల్రిక్ రూపొందించిన స్థూల చలన వికాస పరీక్ష. దాని మూడో కూర్పులో 13 నైపుణ్యాలున్నాయి. దీని గొప్పతనం, పని ఎలా చేశారో చూడటం. ప్రతి నైపుణ్యాన్ని కొన్ని లక్షణాలుగా విడగొట్టి, రెండుసార్లు చేయించి, ఒక్కొక్క లక్షణానికి ఒకటి లేదా సున్నా వేస్తారు. నాలుగో విభాగంలో మనం చెప్పుకున్న రెండో లోపానికి ఇది చక్కని జవాబు. అయితే అందులోని ఒక అంశం, స్టాండు మీద నిలిపిన బంతిని రెండు చేతులతో బ్యాటు పట్టి కొట్టడం. అది బేస్‌బాల్ దేశపు అలవాటు. గుడివాడ పిల్లవాడికి బ్యాటు అంటే క్రికెట్ బ్యాటు. ఎదురుగా వచ్చే బంతిని కొట్టడమే అతనికి తెలుసు. ఒంటికాలి గెంతులో మాత్రం తొక్కుడు బిళ్ళ ఆడే మన పిల్లలకు ఏ లోటూ ఉండదు. కాబట్టి మొత్తం మార్కును అమెరికా పిల్లల ప్రమాణాలతో పోల్చి "వెనుకబడింది" అనేముందు, ఏ అంశంలో మార్కు పోయిందో చూడాలి.

6. ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న రికార్డు

కోస్తా ఇళ్ళలో బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు చేస్తారు. అడుగులు వేస్తే అరిసెలు వండి, వాటి మీద బిడ్డ చేత అడుగులు వేయించి పేరంటాళ్ళకు పంచుతారు. ఇంటింటికీ పిండివంట మారవచ్చు గానీ, చలన వికాసంలో ప్రతి మలుపునూ ఊరికి చాటడం ఇందులోని అసలు సంగతి. మదింపు దృష్టితో చూస్తే ఇది ఒకే బిడ్డను వరుసగా గమనించిన రికార్డు. అందరిముందూ జరిగిన వేడుక కనుక దానికి సాక్షులుంటారు. "మీ అమ్మాయి ఎన్నో నెలలో నడిచింది?" అని అడిగితే తల్లి తడుముకోవచ్చు. "అరిసెలు ఎప్పుడు చేశారు, సంక్రాంతికి ముందా తరువాతా?" అని అడిగితే నాయనమ్మ కూడా వచ్చి సరిచేస్తుంది.

అలాగని ఈ ఆచారాన్ని అతిగా నమ్మకూడదు. వేడుక రోజు, అడుగు వేసిన రోజు ఒకటి కావు. మంచిరోజు కోసం, డబ్బు కోసం ఆగుతారు. రెండో బిడ్డ నాటికి హడావుడి తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆచారం వచ్చినదాన్నే లెక్కపెడుతుంది. రానిదానికి, వచ్చి పోయినదానికి ఏ పిండివంటా లేదు. నడవని బిడ్డ ఇంట్లో ఉండేది మౌనమే. కుటుంబం సిగ్గుతోనో, "వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు" అన్న ధైర్యంతోనో ఆ మౌనాన్ని కొనసాగిస్తుంది. ఆ మౌనాన్ని గమనించి అడగవలసింది మీరే.

7. మీరు చేయగల పద్ధతి

పై విమర్శ నుంచి ఒక స్పష్టమైన విభజన తేలుతుంది. బిడ్డను ఇతర పిల్లలతో పోల్చడం ఒక పని. దానికి ప్రమాణాలున్న పరీక్షే కావాలి. బిడ్డను తనతో తాను పోల్చడం ఇంకొక పని. దానికి ఒకే పనిని ఒకే విధంగా మళ్ళీ మళ్ళీ చూడటం కావాలి. ఈ రెండో పని మీ చేతిలో ఉంది.

మూడేళ్ళు దాటిన పిల్లలకు నాలుగు పనులు చాలు: చేతులు ఆన్చకుండా నేలమీద నుంచి లేవడం, ముగ్గుపిండితో గీసిన గీత మీద నడవడం, ఒంటికాలితో ఎన్ని గెంతులు గెంతగలరో చూడటం, రబ్బరు బంతిని విసరడం. మూడు నెలలకొకసారి, అదే స్థలంలో, చెప్పులు లేకుండా చేయించండి. తేదీ రాయండి. టిక్కుకు బదులు ఒక వాక్యం రాయండి: "కుడికాలితో ఐదు గెంతులు, ఎడమకాలితో ఒకటి, పక్కకు ఒరిగింది." ఏడాదికి నాలుగు వాక్యాలు చేరితే అదే మీ గీత.

ఏడాదిన్నరలోపు పిల్లల విషయంలో బరువు తూచే రోజునే ఒక ప్రశ్న కలపండి: "పోయిన నెల చేయనిది ఈ నెల ఏం చేస్తోంది? పోయిన నెల చేసింది ఏదైనా మానేసిందా?" నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, ఎన్ని వారాలు ముందుగా పుట్టిందో అన్ని వారాలు రెండేళ్ళ దాకా వయసులోంచి తీసివేసి చూడాలి.

చదివేటప్పుడు తొందరపడవద్దు. గత నెల ఐదు గెంతులు గెంతిన పిల్ల ఈ నెల మూడే గెంతితే నిద్రమత్తు కావచ్చు, కొత్తవారిని చూసి బెదరడం కావచ్చు. కొద్ది రోజుల్లో మళ్ళీ చూడండి. రెండోసారీ తగ్గితే, లేదా లేచే తీరు, నడిచే తీరు మారితే, తరువాతి సందర్శన దాకా ఆగకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి. 18 నెలలు నిండినా నడవని బిడ్డను, నేర్చినదాన్ని స్పష్టంగా కోల్పోయిన బిడ్డను వెంటనే పంపాలి.

8. ఈ వాదనపై అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం పనిభారం. రిజిస్టర్లు, పోషణ్ ట్రాకర్, పౌష్టికాహార పంపిణీల మధ్య ఇంకొక రాత ఎందుకని మీరు అడగవచ్చు. ఇది న్యాయమైన ప్రశ్న. అందుకే పనులను నాలుగుకు, రాతను ఒక వాక్యానికి పరిమితం చేశాం. ఎవరూ చదవని ఇరవై గళ్ళ కన్నా, మీరే తిరిగి చదివే ఒక వాక్యం మేలు. అయినా ఈ భారాన్ని కార్యకర్త మంచితనం మీద వదిలేయడం సరికాదు. కార్డులోనే దానికి చోటు ఉండాలి.

రెండోది, ఇంటి పనులకు ప్రమాణాలు లేవు కదా అన్నది. నిజమే. అందుకే వాటితో ఇద్దరు పిల్లలను పోల్చవద్దు, గోడమీద మార్కులు అతికించవద్దు. మూడోది, తరచూ చూస్తే తల్లిదండ్రులు అనవసరంగా భయపడతారన్నది. ఒక్కసారి చూసి "ఆలస్యం" అని ముద్ర వేయడం వల్ల కలిగే భయం అంతకన్నా ఎక్కువ. కిటికీ ఎంత వెడల్పుగా ఉంటుందో చెప్పి, మూడు నెలల కిందటి వాక్యం చదివి వినిపిస్తే, చాలామంది తల్లులకు అదే ధైర్యం.

9. సారాంశం

వయసు జాబితాలు, స్క్రీనింగ్ పరీక్షలు బిడ్డ ఆ రోజున ఇతరులలో ఎక్కడ ఉందో చెబుతాయి. వికాసం అంటే మార్పు కనుక, దాన్ని తెలుసుకోవడానికి అవి ఒక్కటే చాలవు. సందర్శనల మధ్య విరామం, స్థానిక పరిస్థితులు, పని చేసే తీరును వదిలేయడం అనే మూడు కారణాల వల్ల జాప్యం దాగిపోవచ్చు, లేని జాప్యం కనిపించవచ్చు. నైపుణ్యం కోల్పోవడం మాత్రం వరుస రికార్డు ఉంటేనే బయటపడుతుంది. బరువు పటంలో గీతను చదవడం మీకు ఇప్పటికే వచ్చు. అదే చూపును బిడ్డ నడక మీద కూడా పెట్టాలన్నదే ఈ భాగం చెప్పేది.

మీ అవగాహనను సరిచూసుకోండి

1. 10వ, 16వ, 22వ నెలల్లో మాత్రమే పరీక్షించిన బిడ్డ విషయంలో నడక జాప్యం ఎన్నో నెలలో బయటపడుతుంది? లెక్క వేసి వివరించండి.

2. మీ ఊరి పిల్లలు ఆడే ఏదైనా ఒక ఆటను తీసుకుని, అందులో ఏ స్థూల చలన నైపుణ్యాన్ని గమనించవచ్చో, దాన్ని ఒక వాక్యంలో ఎలా నమోదు చేస్తారో రాయండి.

3. మీకు తెలిసిన ఒక ఇంట్లో తొలి అడుగుల వేడుక ఎప్పుడు జరిగిందో అడగండి. ఆ జవాబును మదింపుకు ఆధారంగా తీసుకోవడంలో ఉన్న ఒక బలాన్ని, ఒక పరిమితిని చర్చించండి.